ఘటోత్కచుడు రంగారావు

"మాయాబజార్" సినిమా 1957లో వచ్చింది. మీలో చాలామంది దాన్ని చూసే ఉంటారు. చూడనివారు ఇంట్లో పెద్దవాళ్ళను అడిగితే కథంతా చెప్పేస్తారు. బలరాముడి కూతురు శశిరేఖ. ఆమె అభిమన్యుణ్ణి పెళ్ళాడాలనుకుంటుంది. బలరాముడేమో దుర్యోధనుడి కొడుకైన లక్ష్మణ కుమారుడికి ఆమెను ఇస్తానని మాట ఇచ్చేస్తాడు. అప్పుడు అభిమన్యుడి అన్న అయిన ఘటోత్కచుడు శశిరేఖను మంచంతో సహా ఆకాశమార్గాన ఎత్తుకుపోయి, తానే శశిరేఖ రూపం ధరించి ద్వారకలో పెళ్ళికూతురై కూచుంటాడు.

ఇక్కడ ఒక తమాషా ఉన్నది. ఈ మాయ శశిరేఖగా తెరమీద కనిపించేది ఘటోత్కచుడి వేషం వేసిన రంగారావు కాదు, శశిరేఖ వేషం వేసిన సావిత్రి. అయితే ఆమె అప్పుడు శశిరేఖగా నటించటం లేదు. శశిరేఖలాగా నటిస్తున్న ఘటోత్కచుడుగా నటిస్తున్నది! సన్నగా, నాజూకుగా ఉండే ఆ అమ్మాయి ఉన్నట్టుండి కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడుతుంది. లేని మీసం దువ్వుతుంది. రొమ్ము విరుచుకుని అడుగులు వేస్తుంది. అంతలో ఎవరో వస్తున్నారని గుర్తుకు వచ్చి తల వంచుకుని సిగ్గుపడుతుంది. పాట మధ్యలో ఆమె నోట ఘంటసాల గొంతు కూడా వినిపిస్తుంది. చూస్తున్న మనకు నవ్వు ఆగదు. ఆ అమ్మాయి లోపల ఘటోత్కచుడు ఉన్నాడని ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇది సావిత్రి ప్రతిభే, సందేహం లేదు. కాని ఇందులో రంగారావు వాటా కూడా కొంత ఉన్నది. ఒకరి నడకను ఇంకొకరు అనుకరించాలంటే ముందు ఆ నడక అంటూ ఒకటి ఉండాలి గదా! భారతంలో ఘటోత్కచుడి బలాన్ని గురించీ, మాయలను గురించీ ఉన్నది గాని, ఆయన మీసం ఎలా దువ్వేవాడో, నవ్వితే భుజాలు ఎలా కదిలేవో ఎక్కడా లేదు. అవన్నీ రంగారావు కల్పించినవి. ఎంత గట్టిగా కల్పించాడంటే, ఆయన లేని చోట కూడా, మరొకరి ఒంటిమీద కూడా, మనం వాటిని గుర్తుపట్టగలుగుతున్నాం. ఇటువంటి పని చెయ్యగల నటులు ఏ భాషలోనైనా కొద్దిమందే ఉంటారు.

రంగారావు కథానాయకుడు కాదు. ఎక్కడో రెండు మూడు సినిమాలు తప్ప ఆయనకు కథానాయకుడి వేషాలు రాలేదు. తండ్రి, తాత, జమీందారు, మాంత్రికుడు, రాక్షసరాజు—ఇవీ ఆయన వేషాలు. ఇలాంటి పాత్రలు వేసేవారిని గుణచిత్ర నటులంటారు. మామూలుగా అందరూ "క్యారెక్టర్ నటుడు" అనే అంటారు. నాయకుడు ఏ సినిమాలోనైనా ఇంచుమించు ఒకేలాగా ఉండవచ్చు. జనం అతన్ని అలాగే చూడాలనుకుంటారు కూడా. క్యారెక్టర్ నటుడికి ఆ సుఖం లేదు. ఇవాళ ముసలివాడు కావాలి, రేపు రౌడీ కావాలి, ఎల్లుండి చక్రవర్తి కావాలి. అమెరికాలో వాల్టర్ బ్రెన్నన్ అనే ఆయన ఇలాంటి నటుడే. సహాయ నటులకు ఆస్కార్ బహుమతి 1936 నాటి చిత్రాలతో మొదలయింది. మొట్టమొదటిది ఆయనకే వచ్చింది, తరవాత 1938, 1940 చిత్రాలకు మరి రెండు వచ్చాయి.

ఇలాంటి నటులకు వయసుతో నిమిత్తం ఉండదు. "మాయాబజార్" వచ్చేనాటికి రంగారావుకు ముప్ఫయి తొమ్మిదో ఏడు నడుస్తున్నది. ఘటోత్కచుడి తల్లి హిడింబగా నటించిన సూర్యకాంతం 1924లో పుట్టింది. రంగారావు 1918లో పుట్టాడు. అంటే తల్లి కన్న కొడుకు ఆరేళ్ళు పెద్ద! అయినా ఆ తల్లి ముందు ఈ కొడుకు చేతులు కట్టుకుని నిలబడితే మనకు అనుమానమే రాదు.

రంగారావు పూర్తి పేరు సామర్ల వెంకట రంగారావు. మామిడిపళ్ళకు పేరుపడిన నూజివీడులో 1918 జూలై 3న పుట్టాడు. తండ్రి ఎక్సైజు శాఖలో ఉద్యోగి. బడి చదువు మద్రాసులో జరిగింది. తరవాత కాకినాడ చేరాడు. ఆ రోజుల్లో కాకినాడలో "యంగ్ మెన్స్ హాపీ క్లబ్" అనే నాటక సమాజం ఉండేది. తరవాత సినిమాల్లో పేరు తెచ్చుకున్న అంజలీదేవి, ఆమె భర్త, సంగీత దర్శకుడు ఆదినారాయణరావు ఆ సమాజంలో పనిచేసినవారే. రంగారావు అక్కడ చేరి నాటకాలు ఆడాడు. తెలుగు నాటకాలే కాదు, ఇంగ్లీషులో షేక్స్‌పియర్ నాటకాలు కూడా వేశాడు. "వెనిస్ వర్తకుడు" నాటకంలోని వడ్డీ వ్యాపారి షైలాక్ ఆయన వేసిన వేషాల్లో ఒకటి.

చదువయ్యాక ప్రభుత్వంలో ఉద్యోగం దొరికింది—అగ్నిమాపక శాఖలో. ఫైర్ ఆఫీసరుగా బందరులోనూ, విజయనగరంలోనూ పనిచేశాడు. ఎక్కడన్నా ఇల్లంటుకుంటే గంట కొట్టుకుంటూ ఎర్రబండిలో వెళ్ళేవారుంటారే, వారి మీద అధికారి అన్నమాట. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి గనక ఆ దుస్తుల్లో నిండుగానే ఉండి ఉంటాడు.

ఇంతలో దర్శకుడు బి.వి. రామానందం "వరూధిని" అనే సినిమా తియ్యబోతూ, ప్రవరుడి వేషానికి రంగారావును పిలిచాడు. ఇది చదివే తల్లిదండ్రులు ఒక్క క్షణం ఆలోచించండి. చదువుకున్న కుర్రవాడు, నెల తిరిగేసరికి జీతం వచ్చే సర్కారు ఉద్యోగం, ముందు పింఛను కూడా ఉంటుంది. అది వదిలేసి సినిమాల్లో వేషం వేస్తానంటే మనలో ఎంతమంది సరేనంటాం? రంగారావు ఉద్యోగం వదిలేసి వేషం వేశాడు.

"వరూధిని" 1947లో విడుదలయింది. జనం చూడలేదు. ప్రవరుడి కథ మీరు తెలుగు వాచకంలో చదివే ఉంటారు, లేదా ముందు ముందు చదువుతారు. కాళ్ళకు పసరు పూసుకుని హిమాలయాలకు వెళ్ళి, ఆ పసరు మంచుకు కరిగిపోగా ఇంటికి తిరిగి రాలేక అల్లాడిన అమాయక బ్రాహ్మణుడాయన. గంభీరమైన విగ్రహమూ, మేఘం ఉరిమినట్టుండే గొంతూ ఉన్న రంగారావుకు ఆ వేషం నప్పి ఉండదని నాకనిపిస్తుంది. ఏమైతేనేం, సినిమా పోయింది. వేషాలు రాలేదు. ఉద్యోగం ముందే పోయింది.

బతకాలి గదా! ఆయన జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా వారి కంపెనీలో ఉద్యోగంలో చేరాడు. జంషెడ్‌పూర్ అప్పట్లో బీహారులో ఉండేది, ఇప్పుడు జార్ఖండ్ రాష్ట్రంలో ఉన్నది. ఉక్కు కార్ఖానా ఊరు. అక్కడి తెలుగువాళ్ళు నాటకాలు వేసుకునేవారు. రంగారావు వాళ్ళతో కలిసి వేషాలు వేశాడు. సినిమాలో ఓడిపోయిన మనిషి మళ్ళీ మొహానికి రంగు పూసుకోవటం మానలేదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. పగలు లెక్కలు రాసుకునేవాడికి సాయంత్రం రాజు వేషం వెయ్యటం ఏమంత కష్టం కాదనుకుంటాం గాని, ఓటమి తరవాత నలుగురి ముందుకూ రావటానికి ధైర్యం కావాలి.

మద్రాసు నుంచి మళ్ళీ పిలుపు వచ్చింది. ఈనాడు తెలుగు సినిమాలకు హైదరాబాదే ఇల్లు. మూసాపేటలో ఉండే పిల్లలు అమీర్‌పేట వైపు మెట్రో రైలెక్కితే అయిదో స్టేషను అమీర్‌పేట. 1950లలో కట్టిన సారథీ స్టూడియో అక్కడే ఉన్నది. మొత్తం హైదరాబాదులోనే తయారైన మొదటి తెలుగు చిత్రమని చెప్పే "మా ఇంటి మహాలక్ష్మి" 1959లో అక్కడే తీశారు. కాని రంగారావు మొదలుపెట్టిన రోజుల్లో తెలుగు సినిమా అంటే మద్రాసే. వేషం కావాలంటే మద్రాసు వెళ్ళవలసిందే. ఉన్న ఉద్యోగం రెండోసారి వదులుకుని ఆయన అక్కడికి వెళ్ళాడు.

1950లో "పల్లెటూరి పిల్ల" వచ్చింది. అందులో ఆయనకు దొరికింది చిన్న వేషమే. అదే సంవత్సరం విజయా వారి "షావుకారు" వచ్చింది. ఎల్.వి. ప్రసాద్ దర్శకుడు. అందులో రంగారావు సున్నం రంగడు అనే ఊరి రౌడీ. ఈ వేషాన్ని జనం చూశారు. ఆ మరుసటి ఏడు, 1951లో, విజయా వారే కె.వి. రెడ్డి దర్శకత్వంలో "పాతాళ భైరవి" తీశారు. తోటరాముడుగా ఎన్.టి. రామారావు, నేపాళ మాంత్రికుడుగా రంగారావు. దానితో ఆయన పేరు ఊరూరా మోగిపోయింది. ఆ సినిమా 1952లో మన దేశంలో మొట్టమొదటిసారి జరిగిన అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి కూడా వెళ్ళింది. దక్షిణదేశం నుంచి వెళ్ళింది అదొక్కటే.

ఈ మాంత్రికుణ్ణి గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. కథ ప్రకారం వాడు దుర్మార్గుడు. తోటరాముణ్ణి బలి ఇచ్చి పాతాళ భైరవిని ప్రసన్నం చేసుకోవాలని చూస్తాడు. మామూలు నటుడైతే ఇలాంటి వేషంలో మొదటినుంచి చివరిదాకా కళ్ళెర్రజేసి అరుస్తాడు. రంగారావు అరవలేదు. "డింభకా" అని పిలిచినప్పుడు ఆ పిలుపులో ఆప్యాయత కూడా వినిపిస్తుంది. పులి పిల్లిలాగా మాట్లాడితే ఎంత భయంగా ఉంటుందో అంత భయంగా ఉంటుంది. చివరికి వాడే రాజకుమారి మెచ్చుకుంటుందన్న ఆశతో గడ్డం తీయించుకుని మోసపోతాడు. అప్పుడు పిల్లలు పకపకా నవ్వుతారు. మొదట భయపెట్టినవాణ్ణి చూసి చివర నవ్వుకునేలాగా చెయ్యటం సామాన్యమైన పని కాదు.

నాటకాల్లో నేర్చుకున్నది సినిమాకు ఎంతవరకు పనికివస్తుంది? చాలావరకు వస్తుంది, కొంత అడ్డం కూడా వస్తుంది. పాతకాలపు నాటకాల్లో చిట్టచివర నేలమీద కూచున్నవాడికి కూడా మాట వినిపించాలి, మొహం కనిపించాలి. అంచేత నటుడు గొంతెత్తి మాట్లాడతాడు, చేతులు బారగా ఊపుతాడు. సినిమాలో మైకు నెత్తిమీదే వేలాడుతూ ఉంటుంది. ఇక మొహం సంగతి చూడండి. మనిషి మొహం సుమారు తొమ్మిది అంగుళాల పొడవుంటుంది. ఇరవై అడుగుల ఎత్తు తెరమీద ఆ మొహమే నిండుగా కనిపించిందనుకోండి. అప్పుడది దాదాపు ఇరవై ఏడు రెట్లు పెరిగిందన్నమాట. నటుడి కనుబొమ్మ పావు అంగుళం పైకి లేస్తే తెరమీద ఆరంగుళాలకు పైగా లేస్తుంది! నాటకంలో చేసినంతా ఇక్కడా చేస్తే చూసేవాళ్ళు బెదిరిపోతారు. నాటకాల నుంచి వచ్చిన నటులు చాలామంది ఈ లెక్క సరిచూసుకోలేక ఇబ్బందిపడ్డారు. రంగారావుకు ఇది తెలుసు. గొంతు తగ్గించి, మాటల మధ్య ఆగి, కళ్ళతో సగం పని చేసేవాడు. అవసరమైనప్పుడు మాత్రం నాటకాల గొంతు బయటికి తీసేవాడు. "భక్త ప్రహ్లాద" (1967)లో హిరణ్యకశిపుడుగా ఆయన గర్జిస్తూంటే, ఎదురుగా ఏడెనిమిదేళ్ళ రోజారమణి ప్రహ్లాదుడుగా బెదరకుండా నిలబడుతుంది. ఆ గర్జన అంత పెద్దది గనకనే ఆ పసివాడి ధైర్యం అంత పెద్దదిగా కనిపిస్తుంది.

"మాయాబజార్"లో పెళ్ళివిందు పాట సంగతి కూడా ఇటువంటిదే. పెళ్ళివారి కోసం చేసిన పిండివంటలన్నీ ఘటోత్కచుడు ఒక్కడే తినేస్తాడు. లడ్డూలు వాటంతట అవే నోట్లోకి దూసుకుపోతాయి, పళ్ళాలు ఖాళీ అవుతాయి. ఆ ఫొటోగ్రఫీ మార్కస్ బార్ట్‌లీది, పాట పాడింది మాధవపెద్ది సత్యం. మరి రంగారావుది ఏమిటి? ఆకలి! ఆ కళ్ళలో ఆకలి లేకపోతే ఎన్ని లడ్డూలు ఎగిరినా అది ఉత్త గారడీగానే ఉండిపోయేది. ఈ సినిమాను తమిళంలో కూడా తీశారు. అందులో అభిమన్యుడుగా నాగేశ్వరరావుకు బదులు జెమినీ గణేశన్ వేశాడు. ఘటోత్కచుణ్ణి మాత్రం మార్చలేదు.

రంగారావు అంటే రాక్షసులే అనుకునేవారు "బంగారు పాప" (1955) చూడాలి. బి.ఎన్. రెడ్డి తీసిన చిత్రం అది. జార్జ్ ఎలియట్ అనే ఇంగ్లీషు రచయిత్రి రాసిన "సైలస్ మార్నర్" అనే నవల దానికి ఆధారం. కోటయ్య అనే మొరటు మనిషి తనకు అన్యాయం చేసినవాళ్ళ మీద కసితో రగిలిపోతూంటాడు. అటువంటివాడికి దిక్కులేని ఒక పసిపాప దొరుకుతుంది. ఆ పాపను పెంచుతూ పెంచుతూ వాడు మెత్తబడిపోతాడు. ఇందులో మాయలు లేవు, గదలు లేవు. ఒక రాయి కరగటమే కథ. ఆ కరగటం ఒక్కసారిగా జరిగితే మనం నమ్మం. అది కొంచెం కొంచెంగా ఎలా జరిగిందో రంగారావు మొహం చూస్తే తెలుస్తుంది. ఆయన వేసిన వేషాలన్నిటిలోకీ నాకు ఇదే ఎక్కువ ఇష్టం. ఆ ఏడాదే వచ్చిన "మిస్సమ్మ"లో ఆయన మంచివాడైన జమీందారు. పాఠాలు చెప్పటానికి వచ్చిన పంతులునూ పంతులమ్మనూ కన్నబిడ్డల్లాగా చూసుకుంటాడు. అప్పటికి ఆయనకు ముప్ఫయి ఏడేళ్ళు నిండలేదు.

"నర్తనశాల" 1963లో వచ్చింది. కమలాకర కామేశ్వరరావు దర్శకుడు. పాండవులు విరాటరాజు కొలువులో మారువేషాల్లో ఉన్నప్పటి కథ అది. రంగారావు కీచకుడు. కథలో సగంలోనే చచ్చిపోయే వేషం, అయినా సినిమా అయిపోయాక మనసులో మిగిలేవాళ్ళలో కీచకుడొకడు. 1964లో ఇండొనీషియా రాజధాని జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఈ వేషానికి రంగారావుకు ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. కథానాయకులు ఎందరో ఉండగా ఆ బహుమతి ఒక ప్రతినాయకుడి వేషానికి రావటం విశేషం.

దుర్యోధనుడు, రావణుడు, కంసుడు, నరకాసురుడు—పురాణాల్లో చెడ్డపేరు తెచ్చుకున్నవాళ్ళందరినీ ఆయన తెరమీదికి తెచ్చాడు. నిజమే చెప్పిన హరిశ్చంద్రుడి వేషం కూడా వేశాడు (1956). తమిళులకు ఆయన మరోలాగా తెలుసు. "పడిక్కాద మేధై" (1960), "కర్పగం" (1963) వంటి చిత్రాల్లో ఆయనను వాళ్ళు పెద్దమనసున్న ఇంటి పెద్దగా చూశారు. ఎన్నో ఏళ్ళుగా తమ భాషవాడే అనుకున్నవాళ్ళు కూడా ఉంటారు. ఆయన స్వయంగా రెండు చిత్రాలకు దర్శకత్వం వహించాడు. అవి "చదరంగం" (1967), "బాంధవ్యాలు" (1968). రెంటికీ రాష్ట్ర ప్రభుత్వం వారి నంది బహుమతులు వచ్చాయి.

1972లో దాసరి నారాయణరావు తన మొదటి చిత్రం "తాత మనవడు" తీసినప్పుడు తాత వేషం రంగారావే వేశాడు. మరి రెండేళ్ళకు, 1974 జూలై 18న, మద్రాసులో గుండెజబ్బుతో చనిపోయాడు. అప్పటికాయనకు యాభై ఆరేళ్ళు. తెరమీద అన్నిసార్లు తాతగా కనిపించిన మనిషి నిజానికి ముసలివాడు కానేలేదు. ఆయన కంసుడుగా వేసిన "యశోద కృష్ణ" ఆయన పోయాక 1975లో విడుదలయింది.

"మాయాబజార్"కు 2010లో రంగులు వేసి మళ్ళీ సినిమా హాళ్ళలో ఆడించారు. మీలో తపాలా బిళ్ళలు పోగుచేసేవారుంటే వారికొక సంగతి చెప్పాలి. తపాలా శాఖ 2011లో సావిత్రి బొమ్మతో ఒక బిళ్ళ వేసింది. 2013లో, భారతీయ సినిమాకు నూరేళ్ళు నిండిన సందర్భంలో, రంగారావు బొమ్మతో వేసింది. రెండూ సంపాదించి మీ ఆల్బంలో పక్కపక్కనే అంటించుకుంటే, ఒకరు ఘటోత్కచుడు, రెండోవారు మాయ శశిరేఖలోని ఘటోత్కచుడు అవుతారు.